ఇద్దరూ వేర్వేరు మనుషులు

మా మామగారికి ఇద్దరు అల్లుళ్ళం. "పెద్దల్లుడు ఇనుము అద్దెకిస్తాడు, చిన్నల్లుడు బుర్ర అద్దెకిస్తాడు" అని ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇనుము నేను. బుర్ర నా తోడల్లుడు. కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాడు కాబట్టి అత్తవారింట్లో అతనికి తర్కం అనే పేరు స్థిరపడిపోయింది. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మా ఆవిడ లోపలి నుంచి అరిచేది: "తర్కం వచ్చాడు, టీలో పంచదార వేశామని రుజువు చూపించండి!" అతను నవ్వేవాడు. మామగారు మాత్రం అతను నోరు తెరిస్తే పేపరు పక్కన పెట్టేవాడు. నేను నోరు తెరిస్తే పేజీ తిప్పేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ తేడా నేను చూస్తూనే ఉన్నాను. ఇది మొదటే చెప్పడం ఎందుకంటే, జరిగినదానికి సగం కారణం ఇదే. మిగతా సగం నా తొందర.

నాది బరువులెత్తే సామాను వ్యాపారం. గొలుసులు, కొక్కేలు, చైన్ బ్లాకులు. కట్టడాల దగ్గరికి అద్దెకు పోతాయి, పనయ్యాక తిరిగొస్తాయి. తిరిగొచ్చిన ప్రతి గొలుసునూ యార్డులో ఇనుప బల్ల మీద బిగించి, అది మోయాల్సిన బరువుకు ఒకటిన్నర రెట్లు లాగి చూడాలి. కొక్కెం నోరు ఏమాత్రం తెరుచుకుందో గేజి పెట్టి కొలవాలి. నెగ్గితే ట్యాగ్, లేకపోతే తుక్కు. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పదిహేడేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఉన్నది మేస్త్రీ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. కొక్కేన్ని చేత్తో పట్టుకుని "దీనికి నడుం నొప్పి వచ్చింది, షావుకారుగారూ" అంటే గేజి కూడా అదే మాట చెప్పేది.

సామాను పెరిగాక కాగితాలు మానేసి కంప్యూటరులో ప్రోగ్రాము పెట్టించాను. మేస్త్రీ తన కోడ్ కొట్టి 'నెగ్గింది' అని ముద్ర వేస్తాడు. నేను నా కోడ్ కొట్టి 'బయటికెళ్ళింది' అని ముద్ర వేస్తాను. రెండు ముద్రలూ పడితేగాని ట్యాగ్ అచ్చు కాదు. కోడ్లు పంచింది నేనే, ఎవరిది వాళ్ళు మార్చుకోమని కూడా చెప్పాను. మేస్త్రీ మార్చుకోలేదు. మార్చుకోలేదని నాకు తెలుసు.

ఆ ఏడాది ఒక పెద్ద నిర్మాణ సంస్థ మమ్మల్ని పిలిచింది. నలభై అంతస్తుల పని. వాళ్ళ షరతు ఒక్కటే: పరీక్ష కాని గొలుసు మీ ప్రోగ్రాములోంచి ఏ రకంగానూ బయటపడదని ఎవరైనా తెలిసినవాళ్ళ చేత నిరూపించి పత్రం తీసుకురండి. నాకు వెంటనే తర్కం గుర్తొచ్చాడు. ఇంటి మనిషి, పైగా మామగారి ముందు నా వ్యాపారం గురించి అతనే మాట్లాడాల్సి వస్తుంది. రెండు విధాలా గిట్టుబాటే.

అతను నాలుగు ఆదివారాలు యార్డుకు వచ్చాడు. మేస్త్రీ పక్కన స్టూలు వేసుకుని ప్రతి పనీ చూసి రాసుకున్నాడు.

"అన్నయ్యా, మీ గొలుసు ఏ క్షణంలోనైనా అయిదు స్థితుల్లో ఒకదాంట్లో ఉంటుంది. తిరిగొచ్చింది, బల్లెక్కింది, నెగ్గింది, తప్పింది, బయటికెళ్ళింది. దేన్నించి దేనికి మారొచ్చో మీ ప్రోగ్రాము చెబుతుంది. నేను దాన్నంతా తర్కం భాషలో రాస్తాను. చివర ఒక్క వాక్యం పెడతాను: తిరిగొచ్చాక పరీక్ష నెగ్గని గొలుసు ఎన్నటికీ బయటికి వెళ్ళదు. ఆ వాక్యం అబద్ధమయ్యే దారి ఒక్కటైనా ఉందేమో యంత్రం వెతుకుతుంది. ఉన్న దారులన్నీ వెతుకుతుంది."

"మా కుర్రాళ్ళ చేత వెతికించలేమా? జీతాలిస్తున్నాంగా."

"మనుషులు తమకు తోచిన దారులే వెతుకుతారు. యంత్రానికి తోచడమనే జబ్బు లేదు."

మేస్త్రీకి ఆ మాట బాగా నచ్చింది. "మా షావుకారుగారికి ఆ జబ్బు ముదిరింది, కాస్త మందివ్వండి" అన్నాడు.

మూడో ఆదివారం యంత్రం నిజంగానే ఒక తప్పు పట్టింది. గొలుసు సైటుకు వెళ్ళి, ఒక రోజు బరువు మోసి, ఆ తర్వాత ఆర్డరు రద్దయితే ప్రోగ్రాము దాన్ని 'అసలు వెళ్ళలేదు' అని లెక్కేసి, పాత 'నెగ్గింది' ముద్రతోనే మళ్ళీ బయటికి పంపేస్తోంది. ఆ దారి అయిదే అడుగులు. మేమెవరం ఎన్నడూ గమనించలేదు. ప్రోగ్రాము రాసినవాడు సిగ్గుపడి రెండు రోజుల్లో సరిచేశాడు. మామగారు ఆ సంగతి విని వీధిలో నలుగురికి చెప్పాడు, చిన్నల్లుడు గొలుసుల్ని చూడకుండానే వాటి తప్పు పట్టాడని.

నాలుగో ఆదివారం తర్కం ఇంకో కాగితం తెచ్చాడు.

"ఇంకొక్క దారి మిగిలింది. పరీక్ష ముద్ర వేసేవాడూ, పంపే ముద్ర వేసేవాడూ ఒకే మనిషైతే మూడడుగుల్లో గొలుసు బయటపడుతుంది. బల్ల ఎక్కక్కర్లేదు."

"దానికేం చేయాలి?"

"బల్ల నుంచి కంప్యూటరుకు తీగ వేయాలి. లాగిన బరువు ఎంతో బల్లే చెబుతుంది, మనిషి చెప్పనక్కర్లేదు. లేదంటే ఇద్దరూ వేర్వేరు మనుషులు అని ముందే నమ్మిక రాసుకోవాలి."

"నమ్మిక అంటే?"

"నిరూపించకుండా నిజమని ఒప్పుకునేది. పత్రంలో మొదట అదే ఉంటుంది. దాని మీద మీరు సంతకం పెట్టాలి, ఎందుకంటే అది నాకు తెలిసే విషయం కాదు." అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు, "మేస్త్రీ కోడ్ ఇంకెవరికైనా తెలుసా అన్నయ్యా? ఎవరైనా ఎప్పుడైనా వాడారా?"

తీగకు రెండు నెలలు పడుతుందని ప్రోగ్రామువాడు ముందే చెప్పాడు. పత్రం ఇవ్వడానికి నాకున్న గడువు పదకొండు రోజులు. ఇది పైకి కనిపించే లెక్క. లోపలి లెక్క వేరే. ఆ ఏడాది మేస్త్రీ భోజనానికి వెళ్ళినప్పుడు, గేటు దగ్గర లారీ హారన్ మోగిస్తుంటే, నేనే అతని కోడ్ కొట్టి, నేనే నా కోడ్ కొట్టి పంపినవి పదకొండు. పదకొండూ క్షేమంగా పని చేశాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పగలనేమో కానీ, ఇతనికి చెప్పలేను. చెబితే వచ్చే ఆదివారం మామగారి చేతిలో పేపరు ఇంకో పేజీ తిరుగుతుంది.

"ఎవరికీ తెలియదు. ఎవరూ వాడలేదు" అన్నాను. "రాసెయ్ తమ్ముడూ."

తర్కంతో కూడా బేరమాడొచ్చని ఆ రోజు నాకు తెలిసింది. అతను రాశాడు, నేను సంతకం పెట్టాను. మరునాడు పత్రం వచ్చింది, తర్వాతి వారం పని వచ్చింది.

పన్నెండోసారి జరిగింది ఆ పని మొదలైన మూడో నెలలో. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మేస్త్రీ వెనక రేకుల కింద డబ్బా విప్పుకుని భోజనానికి కూర్చున్నాడు. లారీ డ్రైవరు నా టేబుల్ మీద చెయ్యేసి, "సైటులో క్రేను ఖాళీగా నిలబడింది, పైవాళ్ళు తిడుతున్నారు" అన్నాడు. అప్పుడే తిరిగొచ్చిన గొలుసు ఒకటి నేల మీద ఉంది. తళతళలాడుతోంది. నాకు తోచింది, బాగానే ఉంటుందని.

సాయంత్రం నాలుగింటికి ఫోను వచ్చింది. ఇనుప కమ్మీల కట్ట పైకి వెళ్తుండగా కొక్కెం నోరు తెరుచుకుంది. కింద నిలబడి క్రేనుకు సైగలు చేసే మనిషి పక్కకు దూకాడు, కానీ ఎడమ పాదం కట్ట కింద ఉండిపోయింది. పాదం తీసేయకుండా ఉంచారు గానీ ఇక తిన్నగా నడవలేడని ఆసుపత్రిలో చెప్పారు. ముప్పై నాలుగేళ్ళవాడు. నేను చూడ్డానికి వెళ్ళాను. "మీరే స్వయంగా వచ్చారు సార్, చాలు" అని అతని భార్య దణ్ణం పెట్టింది. ఆ దణ్ణాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో చేతులు పెట్టుకున్నాను.

భద్రతాధికారి వచ్చి కంప్యూటరు చూశాడు. ఒంటిగంట పది నిమిషాలకు 'నెగ్గింది', మేస్త్రీ ముద్ర. ఒంటిగంట పదకొండుకు 'బయటికెళ్ళింది', నా ముద్ర. "మీ పరీక్షకుడు ఏం పరీక్షించాడండీ?" అన్నాడు. పక్కన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

మేస్త్రీ ఎదురు తిరుగుతాడనుకున్నాను. 'ఆ టైముకు నేను అన్నం తింటున్నాను' అనేస్తే నేను ఒప్పుకుని తీరాలి, అప్పుడైనా నా పని తేలికయ్యేది. అతను తెర మీది తన పేరు వైపు చాలాసేపు చూశాడు.

"లారీ తొందరలో తినకుండా లేచి వచ్చుంటాను" అన్నాడు మెల్లగా. "అలా రెండు మూడుసార్లు వచ్చాను కూడా. గుర్తు రావట్లేదు. రోజుకు నలభై గొలుసులు, ఏదని చెప్పను?"

"మీరు చూడలేదేమో మేస్త్రీ" అన్నాను.

"చూడకుండా ముద్ర ఎలా పడుతుందండీ? చిన్నయ్యగారు నాలుగు ఆదివారాలు కూర్చుని నిరూపించారు కదా, పడదని."

అధికారి నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమని చెప్పి వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి మేస్త్రీ ప్రతి కొక్కేన్నీ రెండుసార్లు కొలవడం మొదలుపెట్టాడు. తర్వాత మూడుసార్లు. పన్నెండు నిమిషాల పని అరగంటైంది. కొలిచాక గేజి నా దగ్గరికి తెచ్చి, "ఇదెంతో కాస్త చదవండి" అనేవాడు. నేను చదివేవాణ్ణి. అతను కొలిచింది ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే కళ్ళు బాగున్నాయన్నాడట. కళ్ళు బాగుంటే తప్పు బుర్రలో ఉండాలని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వంద నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారట. "అరవై అయిదు దగ్గర ఆగిపోయాను" అని నాతో చెప్పాడు. నేను ఆ రోజు ఇంటికెళ్ళి లెక్కపెట్టాను. నేనూ అక్కడే ఆగాను. మరునాడు అతనికి ఆ మాట చెబుదామనుకుని చెప్పలేదు. అసలు సంగతి దాచి, కొసరు ఇచ్చి ఓదార్చడం మా వ్యాపారంలో అందరం చేసేదే. కానీ అతని ముందు అది చేయబుద్ధి కాలేదు.

మూడు వారాలకు ఒక ఆదివారం పొద్దున తర్కం మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ టీలో పంచదార మాట ఎత్తలేదు. మనిషి చిక్కిపోయాడు, గడ్డం మాసింది.

"అన్నయ్యా, మూడే అవకాశాలు. ఒకటి, నా నిరూపణ తప్పు. రెండు, మీ ప్రోగ్రాము నేను రాసుకున్నట్టు నడవడం లేదు. మూడు, నమ్మిక తప్పు. మొదటిది పద్దెనిమిది రోజులు చూశాను. ఇద్దరు స్నేహితుల చేత చూపించాను. రెండోది ప్రోగ్రామువాడితో కూర్చుని వరస వరసా చదివాను. ఎక్కడా దొరకలేదు."

నేను కప్పు కింద పెట్టాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకూడదని కాబోలు, చేతులు ఒళ్ళో కట్టేసుకున్నాను.

"మరి మూడోది?"

"మూడోది మీ మాట అన్నయ్యా. దాన్ని నేను చివర పెట్టుకున్నాను." అతను నా వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. "క్లాసులో పిల్లలకు పాఠం చెబుతుంటే నోరు తడబడుతోంది. ఏదో ఒక దారి నాకు కనపడకుండా ఉందని, దానికింద ఒకతని పాదం ఉందని..."

తలుపు మూసి ఉంది, మా ఆవిడ వంటింట్లో ఉంది, మామగారు ఊళ్ళోనే లేడు. చెప్పడానికి అంత మంచి సమయం మళ్ళీ రాదు. నేను నోరు తెరిచి ఏమన్నానంటే: "ఇంకోసారి చూడు తమ్ముడూ. రెండోదాంట్లోనే ఎక్కడో ఉంటుంది."

అతను తలూపి లేచాడు. టీ అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళలో నేను అతని మీద మొదటిసారి గెలిచాను.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మేస్త్రీ నా గదిలోకి వచ్చాడు. డబ్బా విప్పకుండానే వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"అధికారికి రాసి తెచ్చాను. అక్షరదోషాలుంటే చూసి పంపించండి."

చదివాను. 'పై తేదీన సదరు గొలుసును నేను సరిగా పరీక్షించకుండా ముద్ర వేసినట్టు ఒప్పుకుంటున్నాను. నా జ్ఞాపకశక్తి తగ్గింది. ఇకపై ఈ పనికి నేను తగను. దీనికి నా యజమానికి ఏ సంబంధమూ లేదు.' కింద సంతకం. అక్షరదోషాలు లేవు. ఒక్కటుంటే బాగుండుననిపించింది, దాన్ని దిద్దే వంకతో ఇంకో నిమిషం గడిచేది.

ఆ కాగితం పంపితే నేను బయటపడతాను. పని నిలుస్తుంది. తర్కం ఎన్నటికీ దొరకని తప్పు కోసం వెతుక్కుంటూ ఉంటాడు, ఈయన ఇంట్లో కూర్చుని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. జీవితంలో ఇంత చవగ్గా దొరికిన బేరం ఇంకోటి లేదు.

"మేస్త్రీ, కూర్చోండి."

"ఫర్వాలేదు, చెప్పండి."

"కూర్చోండి. ఆ గొలుసు మీరు చూడలేదు. మీరు అన్నం తింటున్నారు. మీ కోడ్ నేను కొట్టాను."

అతను కూర్చోలేదు. కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడతపెట్టాడు.

"మీరు కొట్టారా?"

"నేనే. అంతకుముందు కూడా కొట్టాను. పదకొండుసార్లు."

తిడతాడని చూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. తిట్టేస్తే అక్కడికి చెల్లయిపోతుందని నా లెక్క. అతను కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నా ఎదురుగానే కూర్చున్నారు. గేజి చదివిపెట్టారు."

"చదివాను."

"నా మనవడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం మానేశాను షావుకారుగారూ. ఎక్కడ చూడకుండా దాటించేస్తానోనని."

అతను కిటికీలోంచి బల్ల వైపు చూశాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఆ పదకొండూ ఎక్కడున్నాయి?"

"ఏవి?"

"గొలుసులండీ! మీరు కొట్టిన పదకొండు. నేను చూడనివి. ఇప్పుడెక్కడున్నాయి?"

మూడు వారాలుగా నేను పాపం లెక్కేసుకుంటున్నాను. మేస్త్రీకి ఇంత, తర్కానికి ఇంత, ఆ పాదానికి ఇంత. గొలుసుల్ని లెక్కేయలేదు. అవి ఇంకా ఎవరి నెత్తి మీదో వేలాడుతూ ఉండొచ్చని నాకు తోచనేలేదు.

"కంప్యూటరు తీయండి" అన్నాడు మేస్త్రీ. "ఒంటిగంటకూ ఒకటిన్నరకూ మధ్య నా పేరు మీద పడ్డవన్నీ చూపించండి."

ప్రమాదం జరిగింది కాక పద్నాలుగు కనిపించాయి. "ఇందులో మూడు మీరు నిజంగా చూసినవే అయ్యుంటాయి. నావి ఏవంటే..." అన్నాను.

"గుర్తు మీద వద్దు. పద్నాలుగూ."

పది గొలుసులు ఆ తర్వాత తిరిగొచ్చి, బల్లెక్కి, నెగ్గినవే. నాలుగు బయటే ఉన్నాయి. మేస్త్రీ గేజి జేబులో పెట్టుకుని వ్యాను దగ్గరికి నడిచాడు. నేను తాళాలు తీసుకుని వెనకాలే వెళ్ళాను. దారిలో వ్యాను పక్కకు ఆపి తర్కానికి ఫోను చేశాను. రెండు ముక్కల్లో చెప్పాను.

"అయితే నా నిరూపణ సరైందే" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. "నిన్న నేను మీ ఎదురుగా కూర్చున్నాను కదన్నయ్యా." అని పెట్టేశాడు.

మొదటి సైటులో గొలుసు గోదాములో చుట్టబెట్టి ఉంది. రెండో చోట రెండున్నాయి, తాళం వేసిన పెట్టెలో. మూడూ వ్యానులో వేసుకున్నాం. మేస్త్రీ నా వైపు అద్దంలోంచి కూడా చూడలేదు.

నాలుగోది గాలిలో ఉంది.

సిమెంటు పలక ఒకటి క్రేనుకు వేలాడుతూ రెండంతస్తుల ఎత్తులో మెల్లగా తిరుగుతోంది. కింద పాతికమంది దాకా పనివాళ్ళున్నారు, ఇద్దరు సరిగ్గా దాని నీడలో నిలబడి తాళ్ళు పట్టుకున్నారు. మేస్త్రీ చేతులు పైకెత్తి పరిగెత్తాడు. "దించండి! దించండి!"

సైటు సూపర్వైజరు అడ్డం వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? ట్యాగ్ ఉంది, పరీక్ష అయిందని రాసుంది. ఇదిగో కాగితం. ఈ పేరు ఎవరిదో చూడు."

"అది నా పేరే" అన్నాడు మేస్త్రీ. "కానీ ఆ పరీక్ష నేను చేయలేదు."

"నీ పేరే అంటావు, నువ్వు చేయలేదంటావు! తాగొచ్చావా?"

ఎవరో నవ్వారు. క్రేను అద్దాల్లోంచి డ్రైవరు ఏమిటన్నట్టు చెయ్యి ఊపాడు. పలక తిరుగుతూనే ఉంది. మేస్త్రీ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు, యార్డు వదిలాక మొదటిసారి.

వ్యాను నుంచి అక్కడికి ముప్పై అడుగులుంటుంది. నడిచాను.

"ఈ సామాను నాది" అన్నాను. గొంతు చిన్నగా వచ్చింది. నీడలో నిలబడ్డ ఇద్దరికీ వినబడాలని మళ్ళీ గట్టిగా అన్నాను. "సామాను నాది! ఈయన పేరుతో దొంగ ముద్ర వేసింది నేను. ఆ గొలుసును ఎవరూ పరీక్షించలేదు. దించండి."

నవ్వులు ఆగిపోయాయి. తాళ్ళు పట్టుకున్న ఇద్దరూ వాటిని వదిలేసి వెనక్కి దూకారు. సూపర్వైజరు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, క్రేను వైపు అరచెయ్యి కిందికి తిప్పాడు. పలక దిగడం మొదలైంది. అంత నెమ్మదిగా దిగేది నేను ఇంకేదీ చూడలేదు.

నేలకు తాకాక మేస్త్రీ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కొక్కేనికి గేజి పెట్టాడు. ఒక్కసారే కొలిచాడు. రెండోసారి కొలవలేదు, నన్ను చదవమనలేదు.

"బాగానే ఉంది" అన్నాడు.

"బాగానే ఉందటగా!" సూపర్వైజరు నా మీదికి విరుచుకుపడ్డాడు. "దీనికోసమా పని ఆపించారు? బాగానే ఉన్నదానికి ఇంత గొడవేంటండీ?"

పదకొండుసార్లు నన్ను నేను సమాధానపరుచుకున్న మాట అదే. మేస్త్రీ ట్యాగ్ తెంపి నా చేతిలో పెట్టి, గొలుసును భుజానికెత్తుకుని వ్యాను వైపు నడిచాడు. రెండో చివర నేల మీద ఈడ్చుకుపోతుంటే పట్టుకోబోయాను.

"వదలండి" అన్నాడు. "మీరు అధికారి దగ్గరికి వెళ్ళండి. అయిదింటికి మూసేస్తారు."